ఇరవై పీపాల హక్కు

సబ్బుకీ డబ్బుకీ తేడా ఒక్క అక్షరమే. రెండూ గట్టిగా పట్టుకున్నకొద్దీ జారిపోతాయి. హాలండ్‌లోని జాండమ్ ఊళ్ళో సబ్బు కాచుకుని బతికే నేల్‌కి ఈ సంగతి తెలుసు కాబట్టే దేన్నీ జారనిచ్చేది కాదు. గంగాళం అడుగున అంటుకున్న సబ్బు గీకి గిన్నెలో వేసేది. గిన్నె అడుగున మిగిలింది గీకి పక్కింటికి అమ్మేది. గీకిన గరిట కడిగిన నీళ్ళతో వీధి గుమ్మం తోమేది. గుమ్మం తోమిన నీళ్ళని కూడా ఏదో ఒకటి చేసేదే గాని, అవి ఆవిడ చూస్తుండగానే కాలవలోకి పారిపోయేవి.

ఆవిడ సబ్బుకి తిమింగలం నూనె కావాలి. తిమింగలాలు ఉత్తరాన మంచు సముద్రంలో ఉంటాయి. ఓడలు ఏప్రిల్‌లో వెళ్ళి ఆగస్టులో తిరిగొస్తాయి. వేట బాగుంటే నూనె చవక, లేకపోతే ప్రియం. తిమింగలం అన్న మాటలోనే మింగడం ఉంది. రెండేళ్ళ కిందట సగం ఓడలు మంచులో ఇరుక్కుపోయి, పీపా నలభై గిల్డర్లున్న నూనె డెబ్బైకి ఎక్కినప్పుడు, పోయిన భర్త దాచిపెట్టి వెళ్ళినదంతా అది మింగేసింది. ఆ చలికాలం నేల్ గంగాళం బోర్లించే ఉంది. ఇద్దరు మనుషులు కూర్చుని స్నానం చెయ్యగలిగినంత రాగి గంగాళం అది. పక్కవీధిలో ఆవిడ మరిది సైమెన్ కూడా సబ్బు కాచేవాడు. అతనిది చిన్న గంగాళం. చిన్న గంగాళం ఉన్నవాడికి పెద్ద గంగాళం మీద ఉండే ప్రేమ చాలా పెద్దది. వదినగారి బాగోగులు కనుక్కోవడానికి వచ్చినప్పుడల్లా గంగాళం బాగోగులు కూడా వేలితో తట్టి కనుక్కునేవాడు.

ఈ ఏప్రిల్‌కి నేల్ చేతిలో ఆరువందల అరవై గిల్డర్లు ఉన్నాయి. ఇంకోసారి గంగాళం బోర్లించాల్సి వస్తే అది మళ్ళీ తన ఇంట్లో తిరగబడదని, సైమెన్ ఇంట్లోనే తిరగబడుతుందని ఆవిడకి తెలుసు. అందుకని ఓడలు బయల్దేరే వారంలో తెల్ల ఎలుగుబంటి అనే సత్రానికి వెళ్ళింది. నూనె బేరాలన్నీ అక్కడే. తిమింగలాలు ఇంకా ఈదుతూ ఉండగానే వాటి నూనె ఆ బల్లల మీద నాలుగుసార్లు చేతులు మారేది.

చేతులు మారడం అంటే నిజంగా చేతులే. ఆ ఊళ్ళో బేరమంటే ఒకరి మీద ఒకరు చెయ్యి చేసుకోవడం. అమ్మేవాడు అరచెయ్యి చాపి ధర చెప్తాడు. కొనేవాడు ఫెడీమని దాని మీద చరిచి తన ధర చెప్తాడు. మళ్ళీ వాడు, మళ్ళీ వీడు. చివరి చరుపుతో బేరం కుదిరినట్టే. ఇక కాగితంతో పనిలేదు. అందులోనూ నేల్ వాళ్ళది పెద్దయ్యాక బాప్తిస్మం తీసుకునే సంఘం. వాళ్ళు న్యాయాధికారి ముందు కూడా ఒట్టు పెట్టరు. ఔనంటే ఔను, అంతే. సంఘంలో మొగుడూ పెళ్ళాలు తప్ప అందరూ అన్నాచెల్లెళ్ళే. చరిచిన చేతిని వెనక్కి తీసుకున్న అన్నకి మాత్రం ప్రార్థన బల్ల మీద చోటుండదు.

సత్రంలో ఆవిడకి ఎదురైనవాడు బారెంట్. ఆమ్‌స్టర్‌డామ్ దళారి. పేరులోనే బేరం పెట్టుకు పుట్టినవాడు. నీకు మూడు దారులున్నాయి అక్కా అని మొదలుపెట్టాడు. మొదటిది, ఆగస్టు దాకా ఆగి ఆ రోజు ధరకి కొనడం. డెబ్బై అయితే డెబ్బై, దేవుడి దయ. రెండోది, ఇప్పుడే ఇరవై పీపాలు నలభైకి చెయ్యి చరిచి ఖాయం చేసుకోవడం. అప్పుడు ధర డెబ్బై అయినా నీకు నలభైకే వస్తుంది, కాని ఇరవైకి పడిపోయినా నువ్వు నలభై ఇచ్చి తీరాలి. మూడోది, ఆమ్‌స్టర్‌డామ్‌లో అందరూ చేసేది, ఆప్షన్.

నేల్‌కి ఆ మాట నచ్చలేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో అందరూ చేసేవాటిలో ఆవిడకి నచ్చినవి తక్కువ. ఆప్షన్‌లో 'ఆపు' అని మొదటే ఉన్నా అక్కడివాళ్ళు ఆపరని ప్రతీతి. నేల్ ఎప్పుడూ నేల విడిచి సాము చేసిన మనిషి కాదు. సులువుగా చెప్పమంది.

"డిసెంబర్‌లో, మంచు మీద జారే స్కేట్లు చేసే కమ్మరి దగ్గరికి వెళ్ళావనుకో," అన్నాడు బారెంట్. "కాలవ ఇంకా గడ్డకట్టలేదు. జత ఒక గిల్డర్ అన్నాడు. నువ్వేం చేస్తావు?"

"కొనను. మా నాన్న స్కేట్లున్నాయి."

"లేవనుకో."

"ఉన్నవాటిని లేవని ఎలా అనుకోను? అబద్ధమవుతుంది."

బారెంట్ బీరు ఒక గుక్క తాగి, స్కేట్లు లేని పక్కింటావిణ్ణి తెచ్చాడు. కాలవ గడ్డకడితే ఊరంతా కమ్మరి మీద పడుతుంది, అదే జత రెండు గిల్డర్లు అవుతుంది. కట్టకపోతే అర గిల్డర్‌కి కూడా ముట్టుకునేవాడుండడు. పక్కింటావిడ తెలివైనది. కమ్మరి చేతిలో చిల్లర నాణెం ఒకటి పెట్టి, జనవరి ఆరో తేదీ దాకా ఒక జత నాకోసం ఉంచు, నాకు కావాలనిపిస్తే గిల్డర్‌కే ఇవ్వాలి అంటుంది. గడ్డకట్టిందా, గిల్డర్ ఇచ్చి తెచ్చుకుంటుంది. కట్టలేదా, ఊరుకుంటుంది. అప్పుడు ఆవిడకి పోయింది ఆ చిల్లరే.

"స్కేట్లు తీసుకుంటే ఆ చిల్లర ధరలో తగ్గిస్తాడా?"

"తగ్గించడు."

"తీసుకోకపోతే తిరిగిస్తాడా?"

"ఇవ్వడు."

"మరి దేనికిచ్చినట్టు?"

"మాటకి. ఆవిడ కొన్నది స్కేట్లు కాదక్కా, కమ్మరి మాట. మాటిచ్చినవాడు కమ్మరి. కట్టుబడి ఉండాల్సింది వాడొక్కడే. మంచు లేకపోతే స్కేట్లు వేసుకుని బురదలో నిలబడమని ఆవిణ్ణి అడిగేవాడు లేడు."

 నేల్ సంఘంలో మాట ఊరికే ఇచ్చేది, కొనడం ఆవిడకి కొత్త. అయినా చలికాలమంతా బోర్లించి ఉన్న గంగాళం గుర్తొచ్చి, ఆ మాట అమ్మేదెవరని అడిగింది.

అమ్మేవాడు పక్క బల్ల దగ్గరే ఉన్నాడు. తిమింగలాల ఓడ నడిపే యెల్లె. అరవయ్యేళ్ళ మనిషి, అదే సంఘం వాడు. అతనికి నూనెలో ఏటా తన వాటా పీపాలు వస్తాయి. ఎలాగూ అమ్ముకోవాల్సినవే. పీపాకి మూడు గిల్డర్ల చొప్పున ఇప్పుడు అరవై ముడితే ఉన్ని చేతితొడుగులూ, ఇంట్లో కాల్చుకోవడానికి పీట్ అనే ఎండు మట్టిగడ్డలూ వస్తాయి. ధర తగ్గినా ఆ అరవై అతనివే. ధర డెబ్బై అయితే మాత్రం నలభైకే ఇచ్చుకోవాలి, పైన వచ్చే ముప్ఫై వదులుకోవాలి. సొంత పీపాలున్నవాడికి అది లాభం తగ్గడం. పీపాలు లేకుండా మాట అమ్మినవాడైతే డెబ్బైకి కొని నలభైకి ఇవ్వాలి, వాడికి అది మెడకు ఉరి. బారెంట్ ఇది కూడా వివరంగా చెప్పాడు. అలాంటివాళ్ళని ఇద్దర్ని తానెరుగుదునని, ఇద్దరూ ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్‌లో లేరని అన్నాడు.

షరతులు బిగ్గరగా చెప్పాడు బారెంట్. ఇరవై పీపాలు, పీపా నలభై, గడువు నవంబర్ పదకొండు, సెయింట్ మార్టిన్ రోజు మధ్యాహ్నం గంట కొట్టేదాకా. నేల్‌కి నూనె కావాలంటే ఆలోపు ఇదే సత్రానికి వచ్చి అరచెయ్యి చాపాలి. చాపితే యెల్లె మారుమాట్లాడకుండా చరవాలి. చాపకపోతే ఎవరికీ ఎవరితో పనిలేదు. ఈ హక్కు ధర పీపాకి మూడు. నేల్ రెండున్నర అని చరిచింది. యెల్లె మూడు అని చరిచాడు. మూడుకే తెగింది. ఆవిడ అరవై లెక్కపెట్టి, ఆఖరి నాణేన్ని కాస్త ఎక్కువసేపు పట్టుకుని ఇచ్చింది.

గుమ్మం దగ్గర నిలబడ్డ సైమెన్ మొత్తం వినలేదు. ఇరవై పీపాలు, నలభై, చరుపు చప్పుడు, ఈ మూడూ విన్నాడు.

ఆ వేసవి నేల్ గట్టు మీదికి వెళ్ళలేదు. అంతకు ముందు రెండు వేసవులూ రోజూ పొద్దున్నే గట్టెక్కి, వచ్చిన ప్రతి పడవవాణ్ణీ ఉత్తరాన మంచెలా ఉందని అడిగేది. వాళ్ళేం చెప్పినా ఆ రోజు అన్నం సయించేది కాదు. ఈసారి పొద్దెక్కేదాకా పడుకుంది. పొద్దెక్కేదాకా అంటే ఆ ఊరి లెక్కలో ఐదున్నర.

ఆగస్టులో ఓడలు నిండుగా వచ్చాయి. ఒక్క ఓడా మంచులో చిక్కలేదు. పీపా ఇరవై ఎనిమిదికి దిగింది.

బారెంట్ నేల్ ఇంటికొచ్చి, శుభం అక్కా, హక్కు సంగతి మర్చిపో, నూనె ఎక్కడ కావాలంటే అక్కడ ఇరవై ఎనిమిదికి కొనుక్కో అన్నాడు.

"నా అరవై గిల్డర్లో?"

"అవి ఏప్రిల్లోనే ఖర్చయిపోయాయి."

"ఏం కొన్నానని ఖర్చయ్యాయి? నాకేం వచ్చింది?"

బారెంట్ స్కేట్లని మళ్ళీ పిలిచాడు. స్కేట్లు ఈసారి పని చెయ్యలేదు. అరవై వృథా కాకూడదని నలభైకి కొంటే పైన రెండువందల నలభై పోతుంది కదా అని బల్ల మీద సుద్దతో రాసి చూపించాడు. నేల్ అతనికంటే ముందే ఆ లెక్క వేసుకుంది, సుద్ద వృథా చెయ్యకుండా. లెక్క ఆవిడకి తెలుసు. తెలిసినా, డబ్బిచ్చి కొన్న వస్తువుని వాడకుండా పారెయ్యడమన్నది ఆవిడ చేతికి రాని పని. కట్టుడు పన్ను వదులైతే దాన్ని సొరుగులో దాచిన మనిషి.

దానికి తోడు సైమెన్ వచ్చి, వదిన చెయ్యి చరిచిందని, ఇరవై పీపాలకి ఔనందని, ఔనన్నది కాదంటే సంఘంలో ఏమంటారని దిగులుపడ్డాడు. చరిచింది హక్కు ధరకేనని, నూనెకి కాదని ఆవిడ అంది. కాని అన్న మాటని ఆవిడే పూర్తిగా నమ్మలేకపోయింది. యాభై ఏళ్ళుగా ఆ అరచేతికి ఒక్క సంగతే తెలుసు. చరిస్తే కొన్నట్టు. కొనడానికీ కొనగలగడానికీ మధ్య సందు ఉంటుందని ఆ చేతికి ఎవరూ నేర్పలేదు.

చేతిలో ఆరువందలున్నాయి. ఎనిమిదివందలు కావాలి. మిగతా రెండువందలు సైమెన్ ఇస్తానన్నాడు, వడ్డీ లేకుండా. గంగాళం తన ఇంట్లో పెట్టుకుంటే చాలన్నాడు, అదీ ఆవిడకి కాపలా బాధ ఉండకూడదని. మిగతా సబ్బువాళ్ళంతా ఇరవై ఎనిమిది నూనెతో కాస్తుంటే నలభై నూనెతో కాచిన సబ్బు ఎవరూ కొనరని, రెండువందలు ఎప్పటికీ తీరవని నేల్‌కి తెలుసు. తెలిసే సరేనంది.

సెయింట్ మార్టిన్ రోజు పదకొండున్నరకి ఆవిడ గుడ్డలో ఆరువందలు కట్టుకుని సత్రానికి వెళ్ళింది. వీధిలో పిల్లలు సాయంత్రం దీపాల కోసం టర్నిప్ దుంపలు తొలుస్తున్నారు. తొలిచిన గుజ్జుని తల్లులు సూప్ కోసం గిన్నెల్లో పట్టుకుంటున్నారు. ఆ పని నేల్‌కి నచ్చింది. వెనకాల సైమెన్ రెండువందలూ, ఒక తోపుడుబండీ తీసుకొచ్చాడు. బండి గంగాళానికి.

యెల్లె మాట ప్రకారం పొద్దున్నుంచీ అక్కడే కూర్చున్నాడు. మోకాళ్ళ మీద మోచేతులు ఆనించి, రెండు అరచేతులూ ఎదురెదురుగా నిలబెట్టి, వాటి చుట్టూ నీలం ఉన్ని నూలు చుట్లు చుట్లుగా పెద్ద చిలప వేసుకున్నాడు. ఎదురుగా ట్రెయిన్ అనే అతని భార్య ఆ నూలుని ఉండ చుడుతోంది. పండగకి పిండి వంట చేసేంత తీరిగ్గా చుడుతోంది. పక్కన బారెంట్ కిటికీలోంచి చర్చి గడియారం కేసి చూస్తున్నాడు.

నేల్ అరచెయ్యి చాపింది. "యెల్లె అన్నా, ఇరవై పీపాలు. నలభై."

"వచ్చావా చెల్లెమ్మా," అన్నాడు యెల్లె. "చరుస్తాను. కాదనను. ఈ చిలప కాస్త అవనీ."

సైమెన్ ముందుకొచ్చి నూలు పక్కన పడేసి చరవమన్నాడు. నేల మీద నిన్న ఒలికిన బీరు, రంపపు పొట్టు ఉన్నాయని, మంచి ఉన్ని నూలుని అందులో పడెయ్యమంటావా తమ్ముడూ అని యెల్లె అడిగాడు. చుట్టూ కూర్చున్నవాళ్ళు సైమెన్ కేసి చూశారు. ఆ ఊళ్ళో మనిషిని కొట్టినా క్షమిస్తారుగాని నూలు పాడుచేస్తే క్షమించరు. సైమెన్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

నేల్ చెయ్యి అలాగే చాపి నిలబడింది. చాపిన చెయ్యి ఖాళీగా ఉండడం ఆ ఊరివాళ్ళు చూడలేరు. ఇద్దరు ముసలివాళ్ళు బీరు కప్పుల్లోకి తలలు దించుకున్నారు. ఉండ పెరుగుతోంది. చిలప తరుగుతోంది. గడియారంలో ఇంకా పదినిమిషాలుంది. చిలప అంతకంటే ముందే అయిపోయేలా ఉంది.

అప్పుడు ట్రెయిన్ చేతిలో చిక్కు పడింది. ఇటు హక్కు, అటు చిక్కు. ఆవిడ ఒకసారి లాగింది. చిక్కు బిగిసింది. ఇంకో పక్కనుంచి లాగింది. ముడి పడింది. ఆవిడ నిట్టూర్చి జేబులోంచి కత్తెర తీసింది.

"ఏం చేస్తున్నావు?" అంది నేల్.

"ఈ ముద్ద కత్తిరించి పారేస్తానమ్మా. నువ్వు నిలబడ్డావు కదా, ఆలస్యం ఎందుకు."

"ఆ ముద్దలో నాలుగు బారల నూలుంది."

"పోతే పోనీ, నాలుగు బారలే."

ట్రెయిన్ కత్తెర నోరు తెరిచి ముడికి ఆనించింది. నేల్ ఆ కత్తెర కేసి చూసింది, ముడి కేసి చూసింది. చాపిన చేతిని వెనక్కి తీసుకుంది. గుడ్డ మూటని చంకలో ఇరికించి, మోకాళ్ళ మీద కూర్చుని, కత్తెరని పక్కకి నెట్టి, రెండు చేతుల్తో ముడి విప్పడం మొదలుపెట్టింది. వదినా గంట కొట్టబోతోందని సైమెన్ వెనకనుంచి అన్నాడు. ఊరుకోవయ్యా, లాగకూడదు దీన్ని, వదులు చెయ్యాలి అంది నేల్. గోటితో ఒక పోగు ఎత్తింది. దాని కిందనుంచి ఇంకోటి తీసింది. అది పాత పద్ధతి ముడి, ఓడల మీద తెరచాపలకి వేసేది. నూలులో దానంతటది ఎలా పడిందో ఆ క్షణంలో ఆవిడకి అడగాలని తోచలేదు.

ముడి వీడిపోయిన చోట నూలు వంకరలు తిరిగి ఉంది. ఆవిడ వేళ్ళతో సాపు చేస్తుండగా చర్చి గంట కొట్టింది. పన్నెండూ కొట్టింది. సైమెన్ అన్నీ లెక్కపెట్టాడు, ఒకటి తక్కువైతే బాగుండునని.

యెల్లె చేతుల మీద మిగిలిన రెండు చుట్లూ భార్య తీసేసుకుంది. అతను చేతులు దులుపుకుని, వేళ్ళు విరుచుకున్నాడు.

"బురదలోంచి పైకి రా చెల్లెమ్మా. స్కేట్లు విప్పు," అన్నాడు.

"నా అరవై గిల్డర్లు నూలు పాలు చేశావు అన్నయ్యా."

"అరవై ఎక్కడికీ పోలేదు. రెండేళ్ళు గట్టు మీద నిలబడి మా పడవవాళ్ళ ప్రాణాలు తీశావు. ఈ ఏడు వచ్చావా? ఆ నిద్ర ఖరీదు అది. రోజూ వాడుకున్నావు, ఇవాళ అయిపోయింది."

నేల్ లేచి మోకాళ్ళు దులుపుకుంది. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఎన్ని రాత్రులో, అరవైని వాటితో భాగిస్తే రాత్రికి ఎంత పడిందో మనసులో వేసుకుంది. అర గిల్డర్ కంటే తక్కువే తేలింది. ఎక్కువనిపించలేదు. 

యెల్లె అరచెయ్యి చాపాడు. ఇరవై ఎనిమిది అన్నాడు. నేల్ ఇరవై ఏడు అని చరిచింది, కాస్త అవసరానికి మించిన బలంతో. ఇరవై ఏడున్నర దగ్గర తెగింది. ఆరువందల్లో ఐదువందల యాభై విప్పి ఇచ్చి, మిగిలిన యాభైని మళ్ళీ గుడ్డలో ముడేసుకుంది. తోపుడుబండి ఖాళీగా తిరిగి వెళ్ళడం వృథా కాబట్టి దాని మీద రెండు పీపాలు ఎక్కించి సైమెన్ చేతే తోయించింది.  పీపాలు దించి నూనె గంగాళంలో పోశాక అతను అలవాటు కొద్దీ గంగాళాన్ని ఒకసారి వేలితో తట్టాడు. అది నిండుగా ఉంది, మోగలేదు.

తర్వాతి ఆదివారం సంఘం పెద్దలు యెల్లెని పిలిచి, చాపిన చేతిని చరవడానికి నిరాకరించావా అని అడిగారు. లేదన్నాడు. నేల్‌ని పిలిచి, గంట కొట్టేటప్పుడు నీ చెయ్యి చాపి ఉందా అని అడిగారు. ఆవిడ అబద్ధమాడదు. లేదు, నూలులో ఉంది అంది. పెద్దలు ఇంకేం అడగలేదు.

మరుసటి ఏప్రిల్‌లో ఉత్తరాన మంచు ఇంకా విడలేదని కబుర్లొచ్చాయి. నేల్ సత్రానికి వచ్చి, ఈ ఏడు మాట ధర ఎంతని బారెంట్‌ని అడిగింది. భయం పెరిగింది కాబట్టి మాట ధర కూడా పెరిగిందని, పీపాకి నాలుగున్నర అని చెప్పాడు. యెల్లె చెయ్యి చాపాడు. నేల్ చెయ్యెత్తి, చరవకుండా ఆపింది.

"ఒక షరతు. మార్టిన్ రోజున మీ ఆవిడ నూలు తీసుకురాకూడదు."

యెల్లె పక్క బల్ల దగ్గరున్న భార్య కేసి చూశాడు. ట్రెయిన్ మేజోడు అల్లుతూ, తల ఎత్తకుండానే చెప్పింది.

"అది వేరే హక్కు, చెల్లీ. దాని ధర వేరే."

నేల్ అటు తిరిగి, ఎంతో చెప్పమని ఆవిడ ముందు అరచెయ్యి చాపింది.